తన తప్పు తానే చెప్పిన ఆటగాడు

పిల్లలూ!

సాయంకాలం బడి విడిచాక మీరు ఆడుకోవటం నేను రోజూ చూస్తూనే ఉంటాను. సూర్యాపేటలో అయినా, కోదాడలో అయినా, మిర్యాలగూడలో అయినా ఆట మొదలయ్యేది ఒక విధంగానే, ఆగిపోయేదీ ఒక విధంగానే. మొదట అందరూ నవ్వుతూ ఉంటారు. కాసేపటికి "నీ గోటీ గీత దాటింది!" అంటాడు ఒకడు. "దాటలేదు, ఒట్టు!" అంటాడు రెండోవాడు. చిర్రగోనె ఆడేవాళ్ళలో ఒకడు కర్రతో దూరం కొలుస్తూ, ఏడు తరవాత తొమ్మిది అనేస్తాడు. క్రికెట్ ఆడేవాళ్ళకైతే బంతి బ్యాటుకు తగిలిందా లేదా అన్న పేచీ తప్పనే తప్పదు. చివరకు బ్యాటు ఎవరిదో వాడు దాన్ని చంకన పెట్టుకుని ఇంటికి పోతాడు. అంతటితో ఆట ముగుస్తుంది!

ఇలాంటి పేచీలు తీర్చటానికే పెద్ద ఆటలలో అంపైర్లను పెట్టారు. అంపైరు వేలు ఎత్తితే అవుటు, ఎత్తకపోతే కాదు. తప్పు చేసినవాడు నోరు మెదపకుండా నిలబడినా ఎవరూ ఏమీ అనరు. తప్పు పట్టుకోవటం అంపైరు పని కదా!

కాని ఆడేవాడే తనకు తాను అంపైరుగా ఉండవలసిన ఆట ఒకటి ఉన్నది. తన తప్పు తానే చూసుకోవాలి, తానే పైకి చెప్పాలి. ఆ ఆట పేరు గోల్ఫ్. ఆ ఆటలో ప్రపంచ ప్రసిద్ధుడైన ఒక తెలుగువారి బిడ్డ, ఇసుక రేణువులు కదిలాయని తన తప్పు తానే చెప్పి శిక్ష పొందాడు. అతని సంగతి ఈ నెల చెప్పుకుందాం.

ముందు ఆట సంగతి తెలియాలి. గోల్ఫ్ మన ఊళ్ళలో కనపడదు. దానికి వంద నుంచి నూటయాభై ఎకరాల నేల కావాలి. ఒక్కోచోట ఇంకా ఎక్కువే కావాలి. సాగరు ఎడమ కాలువ కింద అంత నేల ఉంటే మన రైతులు వరి నాట్లు వేస్తారు గాని పచ్చగడ్డి పెంచి బంతులు కొట్టరు! మనకు దగ్గరలో ఈ ఆట చూడాలంటే హైదరాబాదు పోవాలి. అక్కడ గోల్కొండ కోట పక్కనే ఒక గోల్ఫ్ మైదానం ఉన్నది.

చూడటానికి వింతగా ఉన్నా, గోల్ఫ్ మీ గోటీలాటకు దూరపు చుట్టమే. మీరు గోటీని వేలితో కొట్టి గుంటలో పడేస్తారు. గోల్ఫ్‌లో చిన్న బంతిని పొడుగాటి కర్రతో కొట్టి గుంటలో పడెయ్యాలి. ఆ గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు, అంటే మీ బెత్తెడు కన్న కాస్త ఎక్కువ. అయితే అది ఎక్కడో మూడువందల, నాలుగువందల మీటర్ల దూరాన ఉంటుంది. మధ్యలో చెట్లు, నీటి మడుగులు, ఇసుక గోతులు ఉంటాయి. ఆ ఇసుక గోతులను బంకర్లు అంటారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మన కథ అంతా ఆ ఇసుకలోనే ఉన్నది.

బంతిని మొదటిసారి కొట్టిన చోటునుంచి గుంట వరకూ ఉండే దారిని ఒక హోలు అంటారు. మైదానంలో ఇలాంటివి 18 ఉంటాయి. అన్నీ తిరిగి వచ్చేసరికి ఆరేడు కిలోమీటర్ల నడక అవుతుంది. పెద్ద పోటీలలో నాలుగు రోజులు, రోజుకు 18 చొప్పున ఆడతారు. ఎవరు అందరికన్న తక్కువ దెబ్బలతో ముగిస్తే వారు గెలిచినట్టు. క్రికెట్‌లో అంకె పెరిగితే సంతోషం, గోల్ఫ్‌లో అంకె తగ్గితే సంతోషం! ప్రతి హోలుకూ ఇన్ని దెబ్బలు చాలునని ముందే ఒక లెక్క కట్టి ఉంచుతారు. దాన్ని పార్ అంటారు. అంతకన్న ఒకటి తగ్గితే లాభం, ఒకటి పెరిగితే నష్టం.

అంత పెద్ద మైదానంలో ప్రతి ఆటగాడి వెంట, ప్రతి దెబ్బకూ ఒక అంపైరు నిలబడటం కుదరదు. పెద్ద పోటీలలో నియమాలు తెలిసిన అధికారులు ఉంటారు. కాని పిలిస్తేనే వస్తారు. అంచేత ఈ ఆటకు పునాది అంతా నమ్మకమే. 1744లో స్కాట్లండులోని లీత్ అనే చోట ఈ ఆటకు పదమూడు నియమాలు రాసుకున్నారు. ఇప్పుడు నియమాలు పెద్ద పుస్తకం అయినాయి. కాని మొదటి సూత్రం మారలేదు: ఆడేవాడు తన తప్పు తాను దాచకూడదు.

ఇప్పుడు మన ఆటగాడి దగ్గరకు వద్దాం. అతని పేరు తీగల సాహిత్. తీగల అనే ఇంటిపేరు మన తెలంగాణలో మీరు వినే ఉంటారు. సాహిత్ తల్లిదండ్రులు హైదరాబాదువారు. వారు అమెరికా వెళ్ళి కాలిఫోర్నియా రాష్ట్రంలో స్థిరపడ్డారు. సాహిత్ అక్కడే 1997 డిసెంబరు 4న పుట్టాడు. మన మూడు ఊళ్ళలోనూ అమెరికాలో కొడుకో, కూతురో, మేనల్లుడో లేని వీధి లేదు గనుక, అతను పెరిగిన ఇల్లు ఎలాంటిదో మీరు ఊహించుకోగలరు.

పసివాడుగా ఉన్నప్పుడే సాహిత్ టెలివిజన్‌లో గోల్ఫ్ చూసి ఆ ఆటమీద మనసు పడ్డాడు. అయితే గోల్ఫ్‌కు నడుము బలం ముఖ్యం. నడుము తిప్పి కొడితేనే బంతి దూరం పోతుంది. సాహిత్ వెన్నెముక తిన్నగా ఉండదు, ఒక పక్కకు కొంచెం వంపు తిరిగి ఉంటుంది. వైద్యులు దీన్ని స్కోలియోసిస్ అంటారు. ఉన్న ఒంటితోనే అతను తన ఆట తాను నేర్చుకున్నాడు.

తరవాత పెపర్డైన్ విశ్వవిద్యాలయంలో చేరి ఆ జట్టు తరఫున ఆడాడు. 2018లో మణికట్టు దెబ్బతిన్నది. శస్త్రచికిత్స జరిగింది. ఒక సంవత్సరం పోటీలకు పోకుండా కూర్చోవలసి వచ్చింది. తిరిగి వచ్చి, 2020లో విశ్వవిద్యాలయాల ఆటగాళ్ళకు అమెరికాలో ఇచ్చే మూడు పెద్ద బహుమానాలు, అనగా హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ పేర్లమీద ఇచ్చేవి, మూడూ ఒక్క సంవత్సరంలోనే అందుకున్నాడు. అదే సంవత్సరం ఆటనే వృత్తిగా స్వీకరించాడు.

వృత్తి ఆటగాడు కాగానే గెలుపులు వరస కట్టాయని అనుకునేరు! 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ నగరం దగ్గర పెద్ద పోటీ జరిగింది. మూడు రోజులు ముగిసేసరికి సాహిత్ అందరికన్న ముందున్నాడు. తల్లిదండ్రులూ బంధువులూ చూడటానికి వచ్చారు. నాలుగో రోజు పదిహేడో హోలులో అతను బంతిని బాగానే కొట్టాడు. కాని అది నేలమీద పడి, పక్కకు ఎగిరి, దొర్లుకుంటూ పోయి నీళ్ళలో పడింది. ఒక్క దెబ్బ తేడాతో మొదటి స్థానం చెయ్యి జారింది. ఆట అయినాక అతను కన్నీళ్ళు ఆపుకోలేకపోయాడు.

అదే సంవత్సరం జూన్‌లో కనెక్టికట్ రాష్ట్రంలో ట్రావెలర్స్ పోటీ. ఆఖరు రోజు, ఆఖరు హోలు. సాహిత్ ఒక దెబ్బ ముందున్నాడు. బంతి పోయి బంకరులో పడింది. ఇసుకలోనుంచి కొట్టాడు. బంతి గోతి అంచుకు తగిలి మళ్ళీ ఇసుకలోనే పడింది. పార్ కన్న రెండు దెబ్బలు ఎక్కువ అయినాయి. చేతికి వచ్చిన గెలుపు ఇసుకలో కలిసిపోయింది.

ఇక్కడ మీకు ఒక సైన్సు సంగతి చెప్పాలి. గోల్ఫ్ బంతిని ఎప్పుడైనా చూశారా? నున్నగా ఉండదు. ఒళ్ళంతా స్ఫోటకం మచ్చలలాగా చిన్న చిన్న గుంటలు ఉంటాయి. సాధారణంగా ఒక్కో బంతిమీద మూడువందలనుంచి ఐదువందల దాకా ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో గట్టాపెర్చా అనే చెట్టుపాలతో నున్నటి బంతులు చేసేవారు. కొత్త బంతికన్న, దెబ్బలు తిని గీతలు పడ్డ పాత బంతే ఎక్కువ దూరం పోతున్నదని ఆటగాళ్ళు గమనించారు. అప్పటినుంచి కావాలనే బంతులమీద గాట్లు పెట్టసాగారు.

దీనికి కారణం గాలి. బంతి వేగంగా పోయేటప్పుడు ముందున్న గాలి పక్కలకు తప్పుకుని వెనక చేరుతుంది. నున్నటి బంతి అయితే గాలిపొర తొందరగా విడిపోతుంది. వెనక పెద్ద సుడి ఏర్పడి బంతిని వెనక్కు లాగుతుంది. గుంటలున్న బంతిమీద గాలి చిన్న చిన్న సుడులు తిరిగి, బంతిని అంటిపెట్టుకుని ఇంకా వెనకదాకా పోతుంది. అంచేత వెనక సుడి చిన్నదవుతుంది, లాగే బలం తగ్గుతుంది. అంతే గట్టిగా కొట్టినా నున్నటి బంతి సుమారు సగం దూరమే పోతుంది.

దెబ్బలు తిన్న బంతి దూరం పోయినట్టే అయింది సాహిత్ పని కూడా. 2023 ఏప్రిల్‌లో అతను మొట్టమొదటిసారి మాస్టర్స్ అనే మహా పోటీలో ఆడి తొమ్మిదో స్థానం పంచుకున్నాడు. అదే సంవత్సరం సెప్టెంబరు 17న కాలిఫోర్నియాలోని నాపాలో ఫోర్టినెట్ పోటీలో పార్ కన్న 21 దెబ్బలు తక్కువగా ఆడి, రెండు దెబ్బల తేడాతో గెలిచాడు. పీజీఏ టూర్ అనే ఆ పెద్ద ఆటగాళ్ళ వరసలో అది అతని మొదటి విజయం. తల్లిదండ్రులు అక్కడే ఉన్నారు.

కాని నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ గెలుపు కోసం కాదు.

2024లో సంవత్సరమంతా బాగా ఆడిన ముప్పైమందికి మాత్రమే చోటున్న టూర్ చాంపియన్‌షిప్ పోటీ అట్లాంటా నగరంలో, ఈస్ట్ లేక్ అనే మైదానంలో జరిగింది. సాహిత్ ఆ ముప్పైమందిలో ఒకడు. ఆగస్టు 31, శనివారం, మూడో రోజు ఆట. మూడో హోలులో అతని బంతి బంకరులో పడింది.

ఇసుకలో ఉన్న బంతికి ఒక నియమం ఉన్నది. కర్రను వెనక్కు ఎత్తేటప్పుడు అది ఇసుకకు తగలకూడదు. తగిలితే రెండు దెబ్బలు అదనంగా లెక్కలో వేస్తారు. ఎందుకంటే, అలా తగిలించటానికి వీలిస్తే బంతి వెనక ఉన్న ఇసుకను సర్ది, దారి సుఖంగా చేసుకోవచ్చు. ఇసుక గట్టిగా ఉన్నదా, గుల్లగా ఉన్నదా అని పరీక్ష చేసుకోవచ్చు.

సాహిత్ కర్ర ఎత్తాడు, కొట్టాడు. కాని కర్ర వెనక్కు పోయేటప్పుడు ఇసుకకు కాస్త తగిలిందనీ, కొన్ని రేణువులు కదిలాయనీ అతనికి తోచింది. అది చూసేవారి కళ్ళకు ఆనేటంత కదలిక కాదు. ఎవరూ వేలెత్తి చూపలేదు. అతను ఊరుకుని ముందుకు నడిచిపోతే పోయేదే. అతను ఊరుకోలేదు. అధికారిని పిలిచి జరిగింది చెప్పాడు. రెండు దెబ్బలు అతని లెక్కలో చేరాయి.

ఆట అయినాక పత్రికలవారు అడిగితే, నియమం తప్పానని తనకు దాదాపు నమ్మకంగా ఉన్నదనీ, దాని మూల్యం చెల్లిస్తున్నాననీ, అలా చేసినందుకు మనసుకు బాగానే ఉన్నదనీ చెప్పాడు.

ఇప్పుడు లెక్క చేద్దాం. పలకా బలపం తీసుకోండి.

మర్నాడు పోటీ ముగిసింది. స్కాటీ షెఫ్లర్ పార్ కన్న 30 తక్కువతో మొదటివాడు. కాలిన్ మోరికావా 26 తక్కువతో రెండోవాడు. మన సాహిత్ 24 తక్కువతో మూడోవాడు. రెండో బహుమానం 125 లక్షల డాలర్లు. మూడో బహుమానం 75 లక్షల డాలర్లు. సాహిత్ లెక్కలో ఆ రెండు దెబ్బలు లేకపోతే అతనికీ 26 వచ్చేవి. ఇద్దరు సమానమైతే రెండో బహుమానాన్నీ మూడోదాన్నీ కలిపి చెరిసగం పంచుతారు. ఒక్కొక్కరికి ఎంత? 125, 75 కలిపితే 200. అందులో సగం 100. అనగా కోటి డాలర్లు. అతనికి వచ్చింది 75 లక్షలు. తేడా 25 లక్షల డాలర్లు. అప్పటి మారకం ధరలో మన రూపాయలలో సుమారు 21 కోట్లు!

రెండు దెబ్బలు పడకపోతే తరవాతి ఆట అచ్చంగా అలాగే సాగేదని చెప్పలేము, నిజమే. ఏమైనా, నోరు విప్పితే నష్టమని సాహిత్‌కు ఆ ఇసుక గోతిలో నిలబడినప్పుడే తెలుసు. తెలిసే చెప్పాడు.

ఈ కథకు ఒక చిత్రమైన తోక ఉన్నది. ఆ ఈస్ట్ లేక్ మైదానంలోనే చిన్నతనంలో గోల్ఫ్ నేర్చుకున్నవాడు బాబీ జోన్స్. అతను 1902లో పుట్టి 1971లో పోయాడు. వృత్తికి వకీలు. డబ్బు కోసం పోటీలు ఆడలేదు. 1930లో ఆనాటి నాలుగు మహా పోటీలనూ ఒకే సంవత్సరంలో గెలిచిన ఘనుడు. 1925లో అమెరికా ఓపెన్ పోటీలో బంతిని కొట్టబోతూ కర్ర దగ్గరకు తెచ్చేసరికి గడ్డిలో బంతి రవ్వంత కదిలింది. చూసినవాడు అతనొక్కడే. తనమీద ఒక దెబ్బ తానే వేసుకున్నాడు. పోటీ ముగిసేసరికి విల్లీ మాక్‌ఫర్లేన్ అనే ఆటగాడూ అతనూ సమానంగా నిలిచారు. ఆ ఒక్క దెబ్బా లేకపోతే గెలుపు జోన్స్‌దే. తేల్చుకోవటానికి మళ్ళీ ఆడారు, జోన్స్ ఓడిపోయాడు.

అతన్ని మెచ్చుకున్నవారితో జోన్స్ ఏమన్నాడో తెలుసా? బ్యాంకు దోచుకోనందుకు మనిషిని పొగడటం లాంటిదే ఇదీ అన్నాడట! ఇప్పుడు అమెరికా గోల్ఫ్ సంఘంవారు క్రీడాధర్మం పాటించిన వారికి ఇచ్చే బహుమానం బాబ్ జోన్స్ పేరుమీదనే ఉన్నది. అతను ఆట నేర్చిన నేలమీద, 99 ఏళ్ళ తరవాత, హైదరాబాదు దంపతుల కొడుకు అదే పని చేశాడు.

పిల్లలూ! మీకు గోల్ఫ్ కర్ర లేదు, మైదానం లేదు. కాని ఇలాంటి ఇసుక గొయ్యి మీ బడిలోనూ ఉన్నది. పరీక్ష పేపర్లు తిరిగి ఇచ్చే రోజు ఎలా ఉంటుందో ఏ బడికి పోయినా చూడవచ్చు. కూడికలో రెండు మార్కులు తగ్గినవాడు పేపరు పట్టుకుని పరుగున పంతులుగారి దగ్గరకు వస్తాడు. రావలసిందే, అది వాడి హక్కు. మరి రెండు మార్కులు ఎక్కువ పడ్డవాడు? వాడు పేపరు మడిచి సంచీలో పెట్టుకుంటాడు. ఆ రెండు మార్కుల సంగతి ప్రపంచంలో వాడొక్కడికే తెలుసు. నలభై మందిలో ఏ ఒక్కడో లేచి, "అయ్యా, నాకు రెండు మార్కులు ఎక్కువ వేశారు," అంటాడు. వాడు ఆ రోజు మొదటి ర్యాంకు పోగొట్టుకోవచ్చు. కాని ఆ తరవాత వాడు ఏ మాట చెప్పినా తరగతి అంతా నమ్ముతుంది. సాక్ష్యం అడగరు. ఆ నమ్మకం మార్కులతో కొనగలిగింది కాదు.

ఇక్కడ తల్లిదండ్రులతో కూడా ఒక్క మాట. పిల్లవాడు మార్కులు పోగొట్టుకుని నిజంతో ఇంటికి వచ్చిన రోజున మీరు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో ఆలోచించుకోండి. "నిన్నెవరు చెప్పమన్నారురా?" అంటే, ఆ పిల్లవాడు ఇంకెన్నడూ చెప్పడు. ఫీనిక్స్ పోటీలో కొడుకు ఓడి కన్నీళ్ళు పెట్టుకున్న రోజునా, నాపాలో గెలిచిన రోజునా ఆ తల్లిదండ్రులు దగ్గరే ఉన్నారు. ఓడినా మనవాడే అని ఇంట్లో తెలిసిన పిల్లవాడికి నిజం చెప్పటానికి భయం ఉండదు.

ఇక మీకు ఈ నెల పని. ఈ ఆదివారం గోటీలో, చిర్రగోనో, క్రికెట్టో, ఏదో ఒక ఆట ఆడండి. ఒక్క షరతు. ఎదుటివాడి తప్పు ఎవరూ పట్టుకోకూడదు. ఎవరి తప్పు వారే చెప్పాలి. గీత దాటితే దాటినవాడే చెప్పాలి. బంతి బ్యాటుకు తగిలితే కొట్టినవాడే బ్యాటు ఇచ్చేసి పక్కకు రావాలి. ఆట మొదలుపెట్టిన దగ్గరనుంచి ఎంతసేపు పేచీ లేకుండా సాగిందో గడియారం చూసి రాసుకోండి. మామూలు రోజున ఎంతసేపు సాగుతుందో అదీ రాసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏది ఎక్కువో నేను చెప్పను. మీరే ఉత్తరం రాయండి.